నిప్పు తగలని సీసా

ఆ బుధవారం తాఫ్రౌత్ సంతలో, ‘నిప్పు తగలనిది’ అని కాగితం అంటించిన బాదం ముద్ద సీసా నుజ్హా టీచరమ్మ అరచెయ్యి కాల్చింది. ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకున్నారు. మర్యాదస్తురాలు కనక ఒక్క క్షణం పట్టుకున్నారు కూడా. ఆ తరవాత వదిలేశారు. సీసా వెళ్ళి, పంచదార దిమ్మ కొనుక్కోవడానికి వచ్చిన ఒక పెద్దాయన పసుపుపచ్చ తోలు చెప్పు మీద పడింది. పగల్లేదు. మూత మాత్రం ఊడింది. పెద్దాయన చెప్పు విడిచి, లోపలికి తొంగిచూసి, వేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకుని, తేనె తక్కువైందన్నాడు.

దుకాణదారు బీహీ చెంబుతో నీళ్ళు తెచ్చి టీచరమ్మ చేతిమీద పోశాడు. పోస్తూ, సీసాలు పొద్దుటి నుంచీ ఎండలో ఉండిపోయాయని, అందుకే కాస్త వెచ్చబడ్డాయని చెప్పాడు. ఆ దుకాణం ముందుకి ఎండ వచ్చేది మధ్యాహ్నం నమాజు దాటాకనే. ఆ సంగతి పెద్దాయనకి తెలుసు, గుమ్మం బయట కట్టేసివున్న ఆయన గాడిదకీ తెలుసు. వెనక గదిలో నూరే మర అప్పుడే ఆగింది. దాని ఇనుప ఒంటి మీద నుంచి వేడి ఇంకా దుకాణంలోకి వస్తూనే ఉంది. ఎవరూ ఆ వైపు చూడలేదు.

నుజ్హా టీచరమ్మ అగాదీర్‌లో పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడా, ఆవిడ స్నేహితురాళ్ళు కొందరూ కలిసి పొయ్యెక్కిన తిండి మానేశారు. పళ్ళు, మొలకలు, గింజలు, ఈ సీసాలోని ముద్ద. ఆవిడ బీహీ చెప్పిన ఎండ కబురు విన్నారు, తలూపారు, ఆ తరవాత బీహీని వదిలేసి అతని అక్క వైపు తిరిగారు.

“లల్లా కెల్తూమా, మీరు చెప్పండి. ఇది నిజంగా పచ్చిదేనా?”

కెల్తూమ నూనె డబ్బాల పక్కన పీట మీద కూర్చుని నల్ల ముసుగు అంచుని వేలికి చుట్టుకుంటోంది. సలాముకి బదులు సలాము చెప్పినంత అలవాటుగా, “పచ్చిదే టీచరమ్మా. నా నాలుక చూసిందే” అంది.

“మీరంటే చాలు. వచ్చే బుధవారం వచ్చి మా వాళ్ళందరికీ కలిపి తీసుకెళ్తాను. వాళ్ళు నన్ను నమ్మి తింటారు, నేను మిమ్మల్ని నమ్మి తింటాను” అని టీచరమ్మ కాలిన చేతిని రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ వీధి మలుపు తిరిగాక కెల్తూమ లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచి, వెనక గదిలోకి వెళ్ళి, మర మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది.

‘నా నాలుక చూసింది’ అనే మాట మా అమెల్న్ లోయలో చిన్న మాట కాదు. మా ఆర్గాన్ చెట్ల గింజల నుంచి తీసే నూనెలో వేరే నూనె కలిసిందన్న అనుమానం వస్తే, తేనెలో పంచదార పాకం ఉందని వియ్యంకులు ఒకళ్ళ మీద ఒకళ్ళు కన్నెర్ర చేస్తే, జనం పెద్దమనుషుల దగ్గరికి పోయే ముందు కెల్తూమ గుమ్మానికి వస్తారు. ఆవిడ ఒక చుక్క నాలుక మీద వేసుకుంటుంది. కళ్ళు మూసుకోదు, తల ఎగరెయ్యదు, వేషాలేం వెయ్యదు. “ఉంది” అంటుంది, లేదా “లేదు” అంటుంది. అంతటితో తగువు తీరిపోతుంది. తీరకపోతే కనీసం వేరే విషయం మీదికి మళ్ళుతుంది.

ఆ నాలుకే ఆవిడ కాపురం తీసింది. పెళ్ళయిన కొత్తలో మొగుడితో కాసాబ్లాంకా వెళ్ళింది. మా మగవాళ్ళందరికీ అక్కడేగా దుకాణాలు. ఈయనకీ ఒకటి ఉండేది, పైన ఒక గది. ఒకనాడు ఈయన లోపల నిద్రపోతుంటే నూనె కోసం ఒకావిడ వచ్చింది. కెల్తూమ సీసా నింపుతూ, అలవాటు కొద్దీ వేలు ముంచి నాకింది. నాకి ముఖం చిట్లించింది. చిట్లించి ఊరుకుంటే బాగుండేది. “ఇది తీసుకోకు తల్లీ, సగం సోయా నూనె” అని చెప్పి పంపేసింది. ఆ ఆవిడ వీధంతా చెప్పింది. నెల తిరక్కుండా కెల్తూమ పెట్టె సర్దుకుని బస్సెక్కింది. తమ్ముడు బీహీకి అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. బస్టాండుకి వచ్చి పెట్టె తలకెత్తుకున్నాడు, ఏమైందని అడగలేదు. అప్పటి నుంచీ ఆవిడ తమ్ముడి ఇంట్లోనే ఉంది. ఉంది అనడం కంటే, ఆ ఇంటికి పేరే ఆవిడ వల్ల వచ్చిందనడం సబబు. బీహీ దుకాణంలో నూనె కొనేవాళ్ళు బీహీ ముఖం చూసి కొనరు.

ఇక ఈ పచ్చి ముద్ద సంగతి. మా ఇళ్ళలో అమ్లూ అంటే బాదం పప్పు ఎర్రగా వేయించి, ఆర్గాన్ నూనె పోసి, తేనె కలిపి తిరగలిలో నూరేది. ఇంటికి మనిషి వస్తే వీధి చివరికి వేపుడు వాసన రావాలి. రాలేదంటే, మీ కోసం పొయ్యి వెలిగించడానికి మాకు తీరిక లేదు అని చెప్పినట్టే. అలాంటి చోటికి పై ఊళ్ళ నుంచి ఎవరో వచ్చి, వేయించకుండా చేసి పెడతారా అని అడిగారు. బీహీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారని తెలిశాక, కాగితాలు అచ్చు వేయించాడు. వేయించిన గింజల నుంచి తీసిన నూనె పోస్తే పచ్చిది ఎలా అవుతుందని ఎవరో అంటే, ఆడవాళ్ళు ముఖానికీ జుట్టుకీ రాసుకునే వేయించని నూనె పోయించాడు. మొదటిసారి రుచి చూసిన అతని పెళ్ళాం రఖూష్, ఇది తింటుంటే పెళ్ళికూతురి జడ నోట్లోకి వచ్చినట్టుందంది. అయినా సీసాలు అమ్ముడుపోయాయి. ప్రతి బుట్ట నూరేముందూ నూరాకా కెల్తూమ రుచి చూసి ‘ఊఁ’ అనేది. ఆ ‘ఊఁ’ మీదే దుకాణం నడుస్తోంది.

సంత మర్నాడు ఆవిడ డాబా ఎక్కింది. వదిన ఎప్పుడు ఎక్కినా రఖూష్‌కి చిరాకే, ఎందుకంటే వదిన కూర్చోదు. ఎండబెట్టిన పప్పు చుట్టూ తిరుగుతుంది, తీసి కొరుకుతుంది, పెడుతుంది, గోడ దగ్గరికి వెళ్ళి కొండలు చూసి వస్తుంది. ఆ రోజు మరీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మూల పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. రఖూష్ పప్పుని అందులో పోసి, జల్లెడతో తీసి, వేళ్ళ మధ్య నొక్కుతోంది. తొక్క ఊడి తెల్లటి పప్పు ఎగిరి పళ్ళెంలో పడుతోంది. ఈ పని ఇన్నాళ్ళుగా కెల్తూమ కళ్ళ ముందే జరుగుతోంది. ఆవిడే ఎన్నోసార్లు పక్కన కూర్చుని నొక్కింది.

“ఈ నీళ్ళు కాగాయి కదూ” అంది.

“కాగకపోతే తొక్క ఊడదు వదినా.”

“తొక్కతోనే నూరితే?”

“ముద్ద మట్టి రంగులో ఉంటుంది. పచ్చిది కదా, తెల్లగా కనబడాలని మీ తమ్ముడే అన్నాడు.” రఖూష్ ఒక పప్పు వదిన మీదికి ఎగరేసింది. “పచ్చిది పచ్చిగా కనబడాలంటే ఉడకబెట్టక తప్పుతుందా?”

రఖూష్ నవ్వింది. కెల్తూమ నవ్వలేదు. ఒంగి డాబా నేల ముట్టుకుంది. రొట్టె కాల్చుకోవచ్చు. సాయంత్రం బీహీ రాగానే ఎండ నిప్పు కిందికి వస్తుందా రాదా అని అడిగింది. బీహీ చేతులు కూడా కడుక్కోలేదు ఇంకా. మసీదులో ధర్మం చెప్పే ఫఖీహ్‌ని అడిగి చెబుతానన్నాడు. నిజంగానే అడిగాడు. ఆ పెద్దమనిషి గడ్డం నిమురుకుని, ఎండ దేవుడిది కాబట్టి దాని మీద ఫిర్యాదు చెయ్యకూడదనీ, అయినా ఈ ముద్ద ఏదో తనూ ఒక సీసా చూస్తే గాని తేల్చి చెప్పలేననీ అన్నాడట. సీసా ఇచ్చారు. ఇంతవరకూ తేల్చలేదు.

శుక్రవారం కింద ఊరి నుంచి తోటికోడళ్ళిద్దరు చిన్న సీసాలో నూనె పట్టుకుని వచ్చారు. ఒకావిడ పుట్టింటి నుంచి తెచ్చిన నూనెలో కల్తీ ఉందని రెండో ఆవిడ అనుమానం. ఇద్దరూ చాప మీద చెరో అంచుకి కూర్చున్నారు. కెల్తూమ టీ పోసింది, నూనె చుక్క నాలుక మీద వేసుకుంది. సరిగ్గా అప్పుడే, నూనె తెచ్చిన ఆవిడ గ్లాసు కింద పెట్టి, “అవునూ, బుధవారం మీ పచ్చి సీసా ఎవరికో చెయ్యి బొబ్బలెక్కించిందటగా” అంది. ఎకసెక్కంగా కాదు, కబురు అడిగినట్టే అడిగింది.

నాలుక మీద నూనె ఉంది. కెల్తూమ దాన్ని ఆ చెంపకీ ఈ చెంపకీ తిప్పింది. ఏమీ తెలియలేదు. కల్తీ ఉందో లేదో కాదు, అసలు అది నూనో నీళ్ళో కూడా పట్టుబడలేదు. చెవిలో బొబ్బలన్న మాటే తిరుగుతోంది. “జలుబు చేసింది, మరోసారి రండి” అని పంపేసింది. గుమ్మం దాటుతూ ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, వచ్చినప్పుడు మాట్లాడుకోనివాళ్ళు వెళ్ళేటప్పుడు గుసగుసలాడుకుంటూ వెళ్ళడం, ఆవిడ కిటికీలోంచి చూసింది.

ఇక ఆవిడకి కాలు నిలవలేదు. టీచరమ్మకి బుధవారం ఏం చెప్పాలన్నదొక్కటే ప్రశ్న, అది ఎటు తిరిగినా ఎదురొస్తోంది. సరే, అసలు నిప్పు తగలని ముద్ద ఎలా ఉంటుందో చూద్దాం, దాని పక్కన మన సీసా పెట్టి చూద్దాం అనుకుంది. కొన్ని పప్పులు చన్నీళ్ళలో నానేసింది. తెల్లారి లేచి తొక్క వలిచింది. వేడి నీళ్ళలో అయితే చిటికె వేసినట్టు ఊడే తొక్క, చన్నీళ్ళలో గోళ్ళు పీకించింది. గదిలో నీడన ఆరబెట్టింది. ఆరేదాకా ఇంట్లో ఎవరినీ ఆ గదిలోకి రానివ్వలేదు, ఊపిరి వేడి తగులుతుందని కాబోలు అని రఖూష్ బీహీతో అంది. తరవాత అటక మీది తిరగలి దింపించింది. పెళ్ళికి ముందు అమ్మతో కలిసి తిప్పిన తిరగలి. మెల్లగా తిప్పింది. రాయి వెచ్చబడిందనిపిస్తే ఆగి, లేచి, వాకిట్లో నాలుగడుగులు వేసి వచ్చి మళ్ళీ తిప్పింది. చివరికి గరిటెడు ముద్ద వచ్చింది. పాలిపోయి, బిరుసుగా ఉంది.

వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. బియ్యప్పిండిలో ముఖానికి రాసుకునే నూనె కలిపినట్టుంది. పక్కనే దుకాణం సీసా తెరిచి అదీ నోట్లో పెట్టుకుంది.

బాగుంది. చాలా బాగుంది. వెనకాల ఎక్కడో సన్నగా, కమ్మగా ఒక వాసన ఉంది.

కెల్తూమ వేలు నోట్లోనే ఉంచుకుని అలా నిలబడిపోయింది. వేడి నీళ్ళు ఇవ్వవు ఆ వాసన. డాబా ఇవ్వదు. మర కూడా ఇవ్వదు. ఆ వాసన మూకుడుది.

పప్పు డాబా మీద ఆరాక, మరకి వెళ్ళే ముందు, రాళ్ళూ పొట్టూ ఏరడానికి వెళ్ళేది ఒక్క చోటికే. ఇజ్జ అవ్వ ఇంటికి. కెల్తూమ ముసుగు కూడా సరిగ్గా కప్పుకోకుండా మెట్ల సందు ఎక్కింది. అవ్వ పంచలో చేట ముందర పెట్టుకుని కూర్చుంది. ఆ వెనక పొయ్యి మీద మట్టి మూకుడు ఉంది, మూకుట్లో తెల్ల పప్పు ఉంది. అవ్వ దాచే ప్రయత్నం ఏమీ చెయ్యలేదు. పైగా గరిటె కెల్తూమ చేతికి ఇవ్వబోయింది, వచ్చావు గనక కాస్త కలుపు అని.

“అవ్వా, ఇవి పచ్చి సీసాల పప్పు.”

“తెలుసే పిల్లా.”

“మరి?”

“ఎర్రబడనివ్వను. కాస్త వేడెక్కి చెమట పట్టగానే దింపేస్తాను. ఎవరికీ తెలీదు.”

“ఎందుకు?”

ఇజ్జ అవ్వ ఆ ప్రశ్నకి నిజంగానే ఆశ్చర్యపోయింది. “ఎందుకేమిటి? ఊరు కాని ఊరి వాళ్ళు, మన లోయ పేరు చెప్పుకుని పచ్చి గింజలు నూరుకు తింటారా? ఎవరైనా వింటే ఏమనుకుంటారు, వీళ్ళకి పొయ్యి లేదనుకోరూ? చెయ్యి రాలేదు నాకు.” తరవాత, ఓదార్చినట్టుగా, “నీకు నచ్చిందిగా. మొన్న పండక్కి ముందు నువ్వే అన్నావు, ఈమధ్య పచ్చిది ఎంత కమ్మగా ఉంటోందో అని. నాకెంత సంతోషమేసిందో” అంది.

అదీ జరిగింది. కెల్తూమకి జ్ఞాపకం ఉంది. అన్నది అందరి ఎదుటా, దుకాణంలో. పైగా, ఇది మన గాలి గొప్పదనం అని కూడా అంది. మా లోయలో పక్కవాళ్ళ నూనెలో చుక్క సోయా ఉంటే పట్టే నాలుక, ఇన్ని నెలలుగా మూకుడెక్కిన పప్పుని పట్టుకుని పచ్చిదని సంతకం పెట్టింది. కారణం కూడా ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది, తెలిసినందుకు చెవులు వేడెక్కాయి. బాగుంది గనక అడగలేదు. బాగా లేనిదాన్ని పట్టుకోవడమే ఇన్నేళ్ళూ చేసిన పని. బాగున్నదాన్ని అనుమానించాలని ఎవరికి తడుతుంది? అవ్వ మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. పప్పు మాడేలా ఉంటే గరిటె తీసుకుని కలిపి, దించి, వచ్చేసింది.

సాయంత్రం బీహీతో చెప్పింది. చెబుతూ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూనే ఉంది. బీహీ మెత్తని మనిషి. మొదట మెత్తగానే మాట్లాడాడు. నీళ్ళ సంగతి చెప్పు, మర సంగతి చెప్పు, అవి యంత్రాల తప్పులు, ఎవరైనా అర్థం చేసుకుంటారన్నాడు. కావాలంటే కాగితాలు పీకేస్తానన్నాడు. కాని అవ్వ మూకుడు మాట ఎత్తొద్దన్నాడు. అది ఎత్తితే, నువ్వు రుచి చూడలేదా అంటారు. చూశానంటే తెలియలేదా అంటారు. ఆ రెండో మాటతో పచ్చి ముద్దే కాదు, నూనె కూడా ఎవరూ కొనరు.

“టీచరమ్మ నన్నడిగింది రా. నిన్ను కాదు.”

“అందుకే చెబుతున్నా. తెలీదని చెప్పు.”

“తెలుసుగా.”

అప్పుడు బీహీ విసిగిపోయి ఆ మాట అన్నాడు. “అక్కా, అక్కడ నిజం చెప్పి ఇక్కడికి వచ్చావు. ఇక్కడ చెప్పి ఎక్కడికి పోతావు?”

గుమ్మంలో టీ పళ్ళెంతో నిలబడ్డ రఖూష్ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. బీహీ తన మాట తనకే వినబడ్డట్టు తల దించుకుని, చాప అంచు పీకడం మొదలుపెట్టాడు. కెల్తూమ నడక ఆపింది. వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది. మంగళవారమంతా కడిగినవే కడుగుతూ, ఊడ్చిందే ఊడుస్తూ గడిపింది. పెట్టె ఎక్కడుందో కూడా ఒకసారి చూసుకుంది. అందులో ఇప్పుడు రఖూష్ చలికాలం దుప్పట్లు ఉన్నాయి. వాటిని తీస్తే ఎక్కడ పెట్టాలో తోచక మూసేసింది.

బుధవారం తమ్ముడి బండిలో పక్క సీట్లో కూర్చుని తాఫ్రౌత్ వెళ్ళింది. దారంతా ఇద్దరూ రోడ్డు గురించి మాత్రమే మాట్లాడుకున్నారు, అదీ గుంతలొచ్చినప్పుడే.

దుకాణంలో రద్దీగా ఉంది. కింద ఊరి తోటికోడళ్ళలో ఒకావిడ కూడా సబ్బు బేరం చేస్తోంది. టీచరమ్మ రెండు ఖాళీ సంచులతో వచ్చారు. చేతికి కట్టు లేదు, ఎర్రదనం కూడా తగ్గింది. సలాములయ్యాయి, కుశల ప్రశ్నలయ్యాయి, ఇంట్లో అందరి ఆరోగ్యాలూ ఒక్కొక్కటిగా అయ్యాయి. బీహీ సీసాలు దించడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఒక్కొక్కటే తుడుస్తూ, ఎంత ఆలస్యం చేస్తే అంత మేలన్నట్టు.

“దించకు” అంది కెల్తూమ.

ఆ తరవాత ఆవిడ చెప్పింది. వరసగా చెప్పలేదు, ముందు మర గురించి, తరవాత డాబా, మళ్ళీ వెనక్కెళ్ళి వేడి నీళ్ళు. చెబుతూ నూనె డబ్బాల మూతలు బిగించింది, బిగించినవి విప్పింది. టీచరమ్మ మధ్యలో ఆపి, యంత్రం వేడి గురించి తను పోయిన వారమే ఊహించాననీ, నీళ్ళ సంగతి కూడా చాలా చోట్ల ఇంతేననీ, అన్ని దుకాణాల పచ్చి సీసాలూ ఇలాగే ఉంటాయేమోననీ అన్నారు. అక్కడ ఆగిపోవచ్చు. బీహీ అక్క వైపు చూశాడు. సబ్బు బేరం చేస్తున్న ఆవిడ బేరం ఆపేసింది.

“ఇంకోటి ఉంది టీచరమ్మా. పప్పు మూకుడెక్కింది. ఎవరు ఎక్కించారని అడక్కండి, మంచి మనసుతోనే ఎక్కించారు. నేను రుచి చూశాను. ప్రతిసారీ చూశాను. నాకు తెలియలేదు.”

దుకాణంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, అయితే మా వియ్యపురాలి తేనె మీద కూడా మళ్ళీ పంచాయతీ పెట్టించాలని అన్నారు, దానికి అందరూ నవ్వారు. కెల్తూమ కూడా నవ్వబోయింది గాని, ముఖం మాట వినలేదు. టీచరమ్మ నవ్వలేదు. చాలాసేపు సంచులు మడతపెట్టుకున్నారు. తన వాళ్ళకి ఏం చెప్పాలో తెలియడం లేదని, పొయ్యి మానేసి ఇన్నాళ్ళయిందని లెక్కలు చెప్పుకుంటున్నామని, ఆ లెక్కంతా తప్పిందని మెల్లగా అని, ఖాళీ సంచులతో వెళ్ళిపోయారు.

బీహీ ఆ రోజంతా అక్కతో మాట్లాడలేదు. సాయంత్రం దుకాణం మూసి బండి తీశాడు. కెల్తూమ రోడ్డు పక్కన నిలబడింది, ఎక్కాలో వద్దో తేల్చుకోలేక ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ. బీహీ ఇంజను ఆపకుండానే అటు వైపు తలుపు తోసి తెరిచాడు. “ఎక్కు. రఖూష్ రొట్టె చల్లారిపోయిందని నన్ను తిడుతుంది” అన్నాడు. అంతకంటే ఆ విషయం మీద వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు, ఆ రోజూ లేవు, తరవాతా లేవు.

కాగితాలు పీకిన సీసాలు ఉత్త అమ్లూగా అమ్ముడుపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఇజ్జ అవ్వ మాత్రం, చివరికి నా మాటే నెగ్గింది అని వీధిలో చెప్పుకుంది. ఇకనుంచి ఎర్రగా వేయించవచ్చని తెలిసి, మొదటి మూకుడు సంతోషంలో మాడ్చేసింది.

కెల్తూమ నాలుక కోసం వచ్చేవాళ్ళు తగ్గారు. పూర్తిగా మానలేదు. ఆ తోటికోడళ్ళు మళ్ళీ వచ్చారు, అదే నూనె సీసాతో. కాని ఈసారి తమ వెంట ఇంకో ముసలమ్మని కూడా తెచ్చారు, ఆవిడ కూడా ఒక చుక్క చూస్తుందని. కెల్తూమ వాళ్ళకి టీ పోసింది, పంచదార వెయ్యడం మరిచిపోయింది. ముసలమ్మ ‘లేదు’ అంది. కెల్తూమా ‘లేదు’ అనే అంది, కాని అనేముందు మునుపెన్నడూ లేనంత సేపు నోట్లో తిప్పింది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఒక చుక్క వేసుకుని చూసుకుంది. ఆ తరవాత ఇంకో చుక్క.

చలికాలం వచ్చింది. కొండ మీది గాలికి పొద్దున్నే రాయి మంచుగడ్డలా ఉండే రోజుల్లో, ఆవిడ తిరగలి ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. చన్నీళ్ళలో నానేసి, నీడన ఆరేసి, ఇజ్జ అవ్వ గుమ్మం ఛాయలకి కూడా పోనివ్వకుండా, చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పడం, లేచి తిరగడం, మళ్ళీ తిప్పడం. ఎవరడిగారు వదినా నిన్ను అని రఖూష్ గొణిగింది. ఎవరూ అడగలేదు. నెలకో సీసా వచ్చేది. దాని మీద కాగితం అంటించనివ్వలేదు. మొదటి సీసాని తాఫ్రౌత్ నుంచి అగాదీర్ వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిచ్చి, నుజ్హా టీచరమ్మకి అందించమని, ఎండ తగలని చోట పెట్టమని, ఇంజను పక్కన అసలు పెట్టొద్దని, ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది. బస్సు కదిలాక కూడా కిటికీ వెంట నాలుగడుగులు నడిచి మళ్ళీ చెప్పింది.

కొన్ని వారాలకి టీచరమ్మ తనే వచ్చారు. సంతకి కాదు, నేరుగా ఊళ్ళోకే, ఇంటికే. రఖూష్ హడావిడిగా పొయ్యి వెలిగించబోయి, ఈవిడ ముందు వెలిగించవచ్చో లేదో తెలియక అగ్గిపెట్టె పట్టుకుని నిలబడిపోయింది. టీచరమ్మ చాప మీద కూర్చుని, కెల్తూమని కూడా కూర్చోమన్నారు. కెల్తూమ కూర్చోలేదు, తలుపు దగ్గర నిలబడి ముసుగు అంచు వేలికి చుట్టుకుంటూ ఎదురుచూసింది. ఈ సీసా నిజంగా పచ్చిదేనా అని టీచరమ్మ అడగలేదు. తన వాళ్ళు కూడా అడగలేదన్నారు, మీరు పంపారంటే చాలన్నారట. ఆ మాటకి కెల్తూమ వేళ్ళు ముసుగు అంచుని వదిలేశాయి.

“ఒక్క మాటుంది గాని లల్లా, ఏమీ అనుకోకండి” అన్నారు టీచరమ్మ, గొంతు తగ్గించి, మర్యాద తప్పకుండా. “మేమందరం తిన్నాం. ఎంత తిన్నా, దీనికి అసలు రుచే తగలడం లేదు.”

“తగలదు టీచరమ్మా, అందుకేగా మేం వేయించుకుని తింటాం” అంది కెల్తూమ.